గొంతు క్యాన్సర్‌కు పెట్ స్కాన్ ఎందుకు? ఎప్పుడు?

అదియమాన్‌కోట్టై చుట్టుపక్కల మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి బీడీ, సిగరెట్ తాగుతున్న పెద్దవాళ్ళు ఉన్నారు. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోయినా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ కనిపించినా దగ్గు మందుతో కాలం గడపకండి. ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

క్యాన్సర్ అని తేల్చేది పెట్ స్కాన్ కాదు. గొంతులోకి సన్నని గొట్టం పంపి చూసి, చిన్న ముక్క తీసి చేసే పరీక్ష తేలుస్తుంది. అది ఎంతవరకు పాకిందో చెప్పేదే స్టేజ్. స్వరపేటికలోనే ఉన్న చిన్న పుండుకు రేడియేషన్ లేదా చిన్న ఆపరేషన్ సరిపోవచ్చు, మాట నిలుస్తుంది. మెడ గ్రంథులకు పాకితే తరచూ రెండు మూడు చికిత్సలు కలపాలి. ఊపిరితిత్తులకో ఎముకలకో చేరి ఉంటే చికిత్స దారే మారిపోతుంది.

క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి. అందుకే ఫ్లోరిన్-18 కలిపిన గ్లూకోజు లాంటి మందు నరానికి ఎక్కించి, సుమారు గంట తరువాత స్కాన్ తీస్తారు. మందు చేరిన చోట్లు వెలుగుతాయి. దాని రేడియో శక్తి 110 నిమిషాలకు సగమవుతుంది. పొగ గొంతుతో ఆగదు కాబట్టి ఊపిరితిత్తుల్లో, అన్నవాహికలో రెండో క్యాన్సర్ ఉన్నా ఇందులో బయటపడవచ్చు.

అయితే వెలిగిందంతా క్యాన్సర్ కాదు. టీబీ, చీము, ముక్క తీసిన పచ్చి గాయం కూడా వెలుగుతాయి. మరీ చిన్నవి కనిపించకపోవచ్చు. తొలి దశ పుండుకు చాలాసార్లు పెట్ అవసరమే ఉండదు. కనుక డాక్టరు రాయకుండా సొంతంగా వెళ్ళి డబ్బు పోసుకోవద్దు.

స్కాన్‌కు ముందు నాలుగు నుంచి ఆరు గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. షుగర్ ఉన్నవాళ్ళు మందుల సంగతి ముందే అడగాలి. మందు ఎక్కించాక మాట్లాడకూడదు. మాట్లాడితే స్వరపేటిక కండరాలు కూడా వెలిగి, చూసేవారిని తికమక పెడతాయి.

పెద్ద చికిత్సకు చెన్నై అడయార్‌లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో స్థాపించిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో కిద్వాయ్ ఉన్నాయి. తమిళనాడు ముఖ్యమంత్రి బీమా కార్డు ఉంటే, స్కాన్ ఖర్చు అందులో వస్తుందా అని బీమా కౌంటరులో ముందే అడగండి. పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్ళండి.

జబ్బు తేలిన తరువాత కూడా పొగ మానడం వృథా కాదు. మానేసినవారికి రేడియేషన్ మెరుగ్గా పనిచేస్తుంది.