రవికెల ఎంబ్రాయిడరీకి సిద్ధపు డిజైనులు

ఇంట కంప్యూటరు యంత్రము నుంచుకొని రవికెలపై ఎంబ్రాయిడరీ కుట్టి నాలుగు డబ్బులు గడించు సోదరీమణులు కొందఱు, సిద్ధపు డిజైనులను కొనునపుడు బొమ్మ యందమునే చూచుచున్నారు. బొమ్మకంటె ముందు కుట్ల సంఖ్యను చూడవలెనని మా మనవి. నిమిషమునకు 600 కుట్లు వేయు యంత్రముపై 18,000 కుట్ల నెమలికి అరగంట పట్టును. (పెండ్లిరవికెపై నెమలి లేకున్న నేడెవ్వరికిని తృప్తి లేదు గదా!) రెండు చేతులకు గంట; దారపు రంగులు మార్చు కాలము వేఱు. ఆ కాలమునకు కూలి గిట్టని డిజైను ఎంత చక్కనిదైనను మనకు తగదు.

గుడ్డను గూడ చూడవలెను. దట్టముగా నిండిన పువ్వు ముతక నూలుపై నిలుచును గాని పలుచని పట్టును ముడుతలు పెట్టును. విప్పుదమన్నచో పట్టుపై సూదిరంధ్రములు మాయవు. ఒకరి పెండ్లిరవికె పాడైన పిమ్మట ఏమి చెప్పుకొందుము? కావున అట్టి గుడ్డముక్కపైననే, అడుగున ఎంబ్రాయిడరీ కాగితము వేసి, ముందుగా కుట్టి చూడుడు. నాలుగంగుళములకు చేసినదానిని యంత్రముపై ఆఱంగుళములకు సాగదీయకుడు. పలు యంత్రములలో కుట్ల సంఖ్య పెరుగక ఎడములు పడును.

మఱియొకటి. డిజైను కొన్నంతమాత్రమున దానిని కుట్టి అమ్ముకొను హక్కు వచ్చినట్లు కాదు. కొందఱు స్వంతవాడుకకే యనుమతింతురు. అమ్మకమునకు సెలవున్నదో లేదో చదివి, ఆ షరతులను రసీదుతో గూడ దాచుకొనుడు. ఉచితముగా దొరికినవానిని మఱింత పరీక్షింపవలెను.