దొరకడం సగం పనే

రాయపూర్‌కు దక్షిణాన ధమ్తరి, కాంకేర్ అడవులలో కుసుమ, మోదుగ, రేగు కొమ్మలను పట్టి బ్రతికే ఒక చిన్న పురుగు లక్కను స్రవిస్తుంది. ఒకప్పుడు గ్రామఫోను రికార్డులను లక్కలో రాతిపొడి, మసి కలిపి, వేడిగా అదిమి తయారుచేసేవారు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన నాటి నుండి అర్ధశతాబ్దికి పైగా మన గాయకుల గొంతులు నిలిచినది ఆ పురుగు చలవ వల్లనే.

1948లో అమెరికాలో వినైల్ ప్లాస్టిక్‌తో లాంగ్ ప్లే రికార్డు వెలువడింది. లక్క రికార్డు వైపుకు మూడు నిమిషాలు పాడితే, ఇది ఇరవై నిమిషాలకు పైగా పాడింది. తరువాత క్యాసెట్లు వచ్చి రెండింటినీ అటకెక్కించినవి. మద్రాసు మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల సరసన పాత రికార్డులూ అమ్ముడయ్యేవి. 1985లో ఆ మార్కెట్ అగ్నికి ఆహుతి అయింది.

అదే నగరంలో బొబ్బిలి రాజవంశీయుడు, సంగీత నృత్య విమర్శకుడు వి.ఎ.కె. రంగారావు 40,000కు పైగా రికార్డులు కూడబెట్టి లిమ్కా రికార్డుల పుస్తకంలోకెక్కారు. ఆ సంఖ్య వినగానే అసూయపడే వారు తూకం కూడా గమనించాలి. పది అంగుళాల లక్క రికార్డు సుమారు 200 గ్రాములు తూగుతుంది. వెయ్యి చేరితే రెండు క్వింటాళ్ళు! మామూలు పుస్తకాల అల్మారా ఆ బరువుకు కుంగిపోతుంది. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చరాదు. బిగువుగా, నిటారుగా నిలపాలి. రాయపూర్ వంటి ఊళ్ళ మే నెల ఎండ తగిలితే వినైల్ వంగిపోతుంది. లక్కకు వేరొక గండమున్నది: అది స్పిరిట్‌లో కరుగుతుంది. వినైల్‌ను తుడిచిన ద్రావకంతోనే దానినీ తుడిచిన ఔత్సాహికునికి మిగిలేది మూగ పళ్ళెమే.

ఇక అమరిక. కొత్తగా సేకరించే ప్రతివాడూ గాయకుల పేరిట అరలు కేటాయించడంతో మొదలుపెడతాడు. ఒక వైపు ఒకరు, రెండవ వైపు మరొకరు పాడిన రికార్డు చేతికి రాగానే ఆ పద్ధతి తలక్రిందులవుతుంది. పైగా కొత్త సరుకు వచ్చినప్పుడల్లా అరలన్నీ జరపవలసిందే. కంపెనీ వారీగా, లేబుల్ మీది సంఖ్యను బట్టి నిలిపి, గాయకునికి, చిత్రానికి, రాగానికి వేర్వేరు చీటీలు వ్రాసుకొనడమే మేలైన మార్గం. లేబుల్ మీద సాధారణంగా సంవత్సరం ఉండదు. కంపెనీల పాత జాబితాలు, సినిమా పాటల పుస్తకాలు అందుకు తోడ్పడుతాయి. కనుకనే అనుభవజ్ఞులు చిల్లర కాగితాలను కూడా పారవేయరు. అది చాదస్తమని ఇంటివారు అనవచ్చు. పాట పాడినదెవరో తేల్చవలసి వచ్చినప్పుడు ఆ కాగితమే సాక్ష్యం.

సంఖ్యల వరుసలో మరొక ప్రయోజనమున్నది: లేనిదేదో కనిపిస్తుంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలయింది. నేడు దాని ప్రతి లభ్యం కాదు. అలా ఫిల్మే నశించినప్పుడు పాట మిగలాలంటే ఏ రికార్డో ఎవరి ఇంటనో ఉండాలి. అందుకే శ్రద్ధగల సేకర్త దొరకని సంఖ్యకు కూడా చీటీ వ్రాసి, అరలో వేలెడు ఖాళీ వదులుతాడు. ఏ ఊరి పాత సామానుల దుకాణంలోనైనా అతడు ముందు చూసేది గాయకుని పేరు కాదు, లేబుల్ అంచున ఉన్న ఆ అంకెలనే.