విద్యుదయస్కాంతం: ఆపడంలోని మెలకువ

ఆర్డ్వినో ఊనో పిన్ను 5 వోల్టుల దగ్గర 20 మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వరాదు. 12 వోల్టుల చిన్న విద్యుదయస్కాంతానికి వందల మిల్లీ ఆంపియర్లు అవసరం కావచ్చు. కనుక పిన్ను ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. వేరే సరఫరా నుండి వచ్చే కరెంటును, 5 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే మోస్‌ఫెట్ మోస్తుంది. రెండు సరఫరాల గ్రౌండ్ తీగలు కలిసి ఉండాలి.

అసలు ప్రమాదం ఆపేటప్పుడే. తీగచుట్టలో కరెంటు ఉన్నట్టుండి ఆగిపోదు. దారి తెగితే, అయస్కాంత క్షేత్రంలో నిలవైన శక్తి వల్ల వోల్టేజి వందల వోల్టులకు ఎగసి మోస్‌ఫెట్‌ను చెడగొట్టగలదు. ఈ స్వయంప్రేరణను జోసెఫ్ హెన్రీ 1832లో ప్రకటించాడు.

విరుగుడు, చుట్టకు సమాంతరంగా కాథోడ్‌ను ధన కొసకు కలిపిన డయోడ్. ఆపగానే అది కరెంటుకు తిరుగుదారి చూపుతుంది. అయితే కరెంటు మెల్లగా తగ్గుతుంది. పట్టు వదలడం కాస్త ఆలస్యమవుతుంది. తలుపు తాళానికి ఆ జాప్యం లెక్కలోనిది కాదు. వేగం కావలసినచోట డయోడ్‌కు వరుసలో, దానికి ఎదురుగా జీనర్ డయోడ్‌ను చేరుస్తారు.