కామా దగ్గర ఆగాలి

మృదంగం ట్యూషన్ అంటే చేతులకు వేగం నేర్పడమనుకుంటాం. విజయవాడలో ఓ అమ్మాయి నోటుపుస్తకం తిరగేస్తే మాత్రం మేష్టారు ఏళ్ల తరబడి నేర్పుతున్నది ఎక్కడ ఆగాలన్నదేనని తెలుస్తుంది.

ఎడిటర్‌గారు అడిగింది వేరు. ‘ఇంటి దగ్గర మృదంగం నేర్పేవాళ్ల మీద కవర్ స్టోరీ కావాలి. చిన్నపిల్లలు, ఉద్యోగస్తులు, అమెరికా పిల్లలు అందరూ ఉండాలి. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోతాయి’ అన్నారు. సరేనని సత్యనారాయణపురంలో ఓ మేష్టారింటికి వెళితే, అక్కడ చేతికందిన ఓ నోటుపుస్తకం మిగతా కథనానికి చోటు లేకుండా చేసింది.

తన పేరు రాయొద్దన్నారు మేష్టారు. సాయంత్రం ఐదయ్యేసరికి ముందు గదిలో చాప పరుస్తారు. మూడో తరగతి పిల్లాడు బ్యాగు సర్దుకుంటుంటే బ్యాంకు ఉద్యోగి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటారు. ఆయనకు స్టేజీ ఎక్కాలని లేదు, కచేరీలో తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వినిపించే భాగం) వచ్చినప్పుడు బయటకెళ్లి కాఫీ తాగకుండా కూర్చుని అర్థం చేసుకోవాలని ఉంది. ఆ తర్వాత ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించే కుర్రాడొస్తాడు. చేతిలో వేగానికి కొదవలేదు గానీ తాళం వేస్తూ జతి (నోటితో పలికే అక్షరాల వరుస) చెప్పమంటే తడబడతాడు. ముగ్గురిలో నేర్పడం కష్టం ఎవరికంటే మేష్టారు ఆ కుర్రాణ్నే చూపించారు.

వయసు ఏదైనా, అనుభవం ఎంతున్నా మొదలు ఒకటే. మృదంగం పక్కన పెట్టాలి. కుడిచేత్తో తొడ మీద ఆదితాళం వేస్తూ పాఠం నోటితో చెప్పాలి. నోట్లో నిలిచాకే అది చేతికి వస్తుంది.

ఎరుపు సిరా, నీలం సిరా

ఆ నోటుపుస్తకం ఇంటర్ చదివే ఓ శిష్యురాలిది. నాలుగో తరగతిలో మొదలుపెట్టింది. అట్ట చిరిగితే మళ్లీ అట్టేసి, పేజీలు అయిపోతే ఇంకో పుస్తకం కలిపి కుట్టించి, అంతా ఒక్క కట్టగా దాచుకుంది. పాఠం ఆమె నీలం సిరాతో రాస్తుంది. మేష్టారు ఎరుపుతో దిద్దుతారు. మొదటి పాఠం నుంచి కృతుల దాకా అన్ని స్థాయులూ ఈ ఒక్క కట్టలోనే కనిపిస్తాయి.

మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో ‘త ది తోం నం’ అని ఉంది. దెబ్బకు ఒక అక్షరం, తర్వాత రెండు, ఆపైన నాలుగు. అవే మూడు కాలాలు. పక్కన ఎర్రగా, ‘నం: చూపుడువేలు అంచు మీద. ఉంగరపు వేలు నల్లమచ్చ మీద ఆనించి ఉంచు, నొక్కకు’ అన్న సూచన. ఉంగరపు వేలు నొక్కితే నాదం చచ్చిపోతుంది, అసలు ఆనకపోతే ‘నం’ పలకదు. ఆ వేలు ఎంత తేలిగ్గా ఆనాలో చెప్పడానికి మేష్టారు శిష్యుల వేలు తన వేలితో పట్టుకుని చూపిస్తారు.

కొన్నేళ్ల తర్వాతి పేజీ ఒకటి ఉంది. దాని మీదే నా కళ్లు నిలిచిపోయాయి.

తకిటతకధిమి తకిటతకధిమి
తదిగిణతోం
తది,గిణతోం
త,ది,గిణతోం

కింద కూడిక: 7+7+5+6+7 = 32. ఆదితాళం ఒక ఆవర్తంలో ఎనిమిది దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రల చొప్పున 32. సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఎత్తుకుంటే మళ్లీ సమానికే సరిగ్గా వచ్చి పడుతుంది.

చివరి మూడు వరుసల్నీ ఇంకోసారి చూడండి. మూడింట్లోనూ పలికే అక్షరాలు అవే ఐదు. వరుస వరుసకూ పెరిగింది కామా ఒక్కటే. కామా అంటే ఒక మాత్ర మౌనం. మొదటి వరుసలో లేదు, రెండో దాంట్లో ఒకటి, మూడో దాంట్లో రెండు. తొందరలో పిల్లలు మింగేసేది సరిగ్గా వీటినే. మూడు కామాలూ మింగేస్తే ముక్తాయింపు (ఈ ముగింపు వరుస) 29కే అయిపోతుంది. సమం ఇంకా మూడు మాత్రల దూరంలో ఉంటుంది, వాయించినవాడు మాత్రం అప్పటికే తల ఎగరేసి ఉంటాడు. ఆ పేజీలో కామాలన్నిటి చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి.

ఇంకొన్ని పేజీలు తిప్పితే త్యాగరాజస్వామి హంసనాదం కృతి ‘బంటురీతి’ వస్తుంది. దాని ఎత్తుగడ, అంటే పాట అందుకునే చోటు, సమంలో కాదు, ఒకటిన్నర దెబ్బల తర్వాత. అంటే ముక్తాయింపు మరో ఆరు మాత్రలు సాగి అక్కడికి చేరాలి. మొత్తం 38. పాత 5, 6, 7లను అలాగే ఉంచితే 18 పోను 20 మిగులుతాయి. ఆ అమ్మాయి 7+7+6 అని నింపింది. కింద ఎర్రసిరాలో, ‘లెక్క సరే. ఒకసారి నోటితో చెప్పి చూడు’ అని ఉంది. చెప్పి చూసినట్టుంది. దాన్ని కొట్టేసి, తకిట తకిట తకధిమి రెండుసార్లు, అంటే 10+10 రాసుకుంది. కూడిక రెండింటికీ కుదిరింది. రెండోది మాత్రం వినేవాడికి ఎక్కడికి పోతోందో ముందే తెలిసేలా నడుస్తుంది. ఈ తేడా ఏ పుస్తకమూ చెప్పదు. పక్కన కూర్చుని వినే మనిషి ఉండాలి. ప్రైవేటు పాఠానికి జీతం ఇచ్చేది ఇందుకేనని నాకనిపించింది.

చివరి పేజీల్లో అక్షరాలు దాదాపు కనబడవు. కృతి పేరు, దాని కింద ఒకటి రెండు మాటలు. ‘అనుపల్లవి: సర్వలఘు (సాదా నడక) చాలు.’ ‘రెండో సంగతికి ఎడమచెయ్యి తగ్గించు.’ ‘చరణం మొదట్లో వాయించకు, విను.’ మొదట్లో పేజీ నిండా రాయించిన మేష్టారు, ఆ అమ్మాయికి అన్నీ వచ్చాక చాలావరకు తీసేయిస్తున్నారు.

ఇక చరిత్ర గబగబా. మృదంగానికి తొలిసారి సంగీత కళానిధి బిరుదు 1966లో వచ్చింది, పాల్ఘాట్ మణి అయ్యర్‌కు. ఆయన సమకాలికుడు పళని సుబ్రహ్మణ్య పిళ్లై ఎడమచేతివాటం విద్వాంసుడు. ఉమయాళ్‌పురం శివరామన్ 2010లో పద్మవిభూషణ్ అందుకున్నారు. మన వైపు కోలంక వెంకటరాజు, దండమూడి రామమోహనరావు పెద్ద పేర్లు. యెల్లా వెంకటేశ్వరరావుకు 2008లో, నిడుమోలు సుమతికి 2021లో పద్మశ్రీ వచ్చాయి. ఆడపిల్లకు మృదంగం ఎందుకని అడిగే తల్లిదండ్రులకు మేష్టారు చెప్పే జవాబు సుమతిగారి పేరే.

తల్లిదండ్రులు అడిగే ఇంకో ప్రశ్న, ‘స్టేజీ ఎప్పుడండీ?’ ఫోన్లో తని వీడియోలు చూసి వచ్చిన ప్రశ్న అది. ఆ తొందర నాకూ నచ్చదు. శాలువాలు, ఫ్లెక్సీలతో జరిగే తొలి కచేరీల్లో పిల్లల కంటే కెమెరాలకే పని ఎక్కువ. మేష్టారి దగ్గర పరీక్ష వేరే ఉంది. తోటి శిష్యురాలు వర్ణం పాడుతుంటే మొదటినుంచి చివరిదాకా పక్కవాద్యం వాయించాలి. పాడే పిల్ల ఒక్కసారైనా ఇటు తిరిగి చూడాల్సి వచ్చిందో, మరో మూడు నెలలు ఆగాలి.

బాక్సు 1: తెర అవతల శిష్యుడు

వేసవిలో పొద్దున ఆరున్నరకు మేష్టారు ల్యాప్‌టాప్ తెరిచేసరికి డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిది. మొదటి ఇబ్బంది ఆలస్యం. ఇక్కడి తాళం అక్కడికి చేరడానికి, అక్కడి దెబ్బ ఇక్కడికి రావడానికి క్షణంలో కొంత భాగం పడుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. పిల్లాడే తాళం వేసుకుని చెప్పాలి, మెట్రోనోమ్ పెట్టుకుని వాయించాలి. రెండో ఇబ్బంది, వీడియో కాల్ యాప్‌లు మృదంగం శబ్దాన్ని రొద అనుకుని అణిచేస్తాయి. ముందుగా పోయేది గుంకీ, అంటే ఎడమవైపు పలికే మంద్రనాదం. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ పెట్టుకోమని ప్రతి కొత్త శిష్యుడికీ మొదటి పాఠంలోనే చెబుతారు. వేలు పట్టుకుని చూపించే వీలు మాత్రం ఏ సెట్టింగులోనూ లేదు.

బాక్సు 2: పనసకర్ర, బొంబాయిరవ్వ

మృదంగం కట్టె పనస. కుడివైపు నల్లమచ్చ శాశ్వతం. ఎడమవైపు మాత్రం వాయించే ముందు బొంబాయిరవ్వ నీళ్లతో ముద్ద చేసి అద్దాలి, అయ్యాక గీకేయాలి. ఈమధ్య తోలు వారులకు బదులు నట్టు బోల్టులతో బిగించేవీ వస్తున్నాయి. తోలు కోసి, మూతలు అల్లి, నాదం పలికించే పనివాళ్ల పేర్లు కచేరీ కార్డుల్లో ఉండవు. వాళ్ల గురించి గాయకుడు టీఎం కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకమే రాశారు.

బాక్సు 3: చేర్పించే ముందు

మొదటి రోజే మృదంగం కొనకండి. మగ గొంతుకు తగ్గు శ్రుతిది, ఆడ గొంతుకు హెచ్చు శ్రుతిది సరిపోతుంది. పిల్లాడు ఎవరికి వాయిస్తాడో తేలాక, మేష్టార్ని అడిగే తీసుకోండి. చేర్పించబోయే చోట ఒక పాఠం సాంతం కూర్చుని వినండి. మేష్టారు ఎంతసేపు వాయిస్తున్నారన్నది కాదు, శిష్యుడు వాయిస్తుంటే ఎంతసేపు వింటున్నారన్నది చూడండి.