మధ్యలో విమానం మారినా వీసా కావచ్చు
టికెట్ కొనేముందే మార్గం సరిచూసుకోవాలి

ఉదయగిరి: మెట్ట ప్రాంతమైన ఉదయగిరి, ఆత్మకూరు పరిసరాల నుంచి ఉపాధికి గల్ఫ్ దేశాలకు, చదువులకు, ఉద్యోగాలకు అమెరికా, కెనడాలకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. బిడ్డలను చూసేందుకు వెళ్లే తల్లిదండ్రులూ ఉన్నారు. గమ్యదేశం వీసా చేతికందితే చాలని పలువురు భావిస్తారు. విమానం మారే దేశం అనుమతి కూడా అవసరమని చెన్నై విమానాశ్రయం కౌంటరు వద్ద తెలిస్తే ప్రయాణం ఆగిపోవడమే గాక టికెట్ సొమ్ము కూడా నష్టపోవలసి వస్తుంది.

ఏమిటీ ట్రాన్సిట్ వీసా?
ఒక దేశంలో దిగి, మరో విమానం ఎక్కేందుకు ఆ దేశం ఇచ్చే అనుమతినే ట్రాన్సిట్ వీసా అంటారు. తగిన పత్రాలు లేనివారిని తీసుకెళితే విమాన సంస్థకు జరిమానా పడుతుంది. అందుకే బయలుదేరే చోటే సిబ్బంది తనిఖీ చేస్తారు.

ఎక్కడ ఎలా?
దుబాయ్, దోహా, అబుదాబిలలో ఒకే టికెట్‌పై ప్రయాణిస్తూ, విమానాశ్రయం దాటి బయటకు రానివారికి వీసా అక్కరలేదు. లండన్‌లో భారతీయులకు ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లేదా న్యూజిలాండ్ వీసా ఉన్నవారికి మినహాయింపు ఉంది. జర్మనీ 2026 జనవరిలో భారతీయులకు విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా మినహాయింపు ప్రకటించింది. అక్కడ దిగేవారు అమలు వివరాలను ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. అమెరికా మీదుగా వేరే దేశానికి వెళ్లేవారు అక్కడ ఇమ్మిగ్రేషన్ తనిఖీ తప్పక దాటాలి. వీసా లేకుండా మారే సౌకర్యాన్ని ఆ దేశం 2003 ఆగస్టులో నిలిపివేసింది. కనుక సీ-1 వీసా గానీ, చెల్లుబాటులో ఉన్న సందర్శక వీసా గానీ ఉండాలి.

విడి టికెట్లతో చిక్కు
తక్కువ ధరకు వస్తున్నాయని రెండు టికెట్లు వేర్వేరుగా కొంటే చిక్కులు ఎదురుకావచ్చు. సామాను గమ్యం వరకు నేరుగా చేరదు. దానిని తీసుకునేందుకు ఇమ్మిగ్రేషన్ దాటి బయటకు రావాలి. అప్పుడు ఆ దేశ ప్రవేశ వీసా అవసరమవుతుంది. ఐరోపాలో షెంగెన్ దేశాల్లోని రెండు నగరాల్లో విమానం మారినా ఇదే పరిస్థితి.

ఇవి మరువరాదు
* టికెట్ కొనేముందు విమానం మారే ప్రతి విమానాశ్రయం పేరు ఏజెంటును అడిగి రాసుకోవాలి.
* గమ్యం వరకు ఒకే టికెట్, సామాను నేరుగా చేరే ఏర్పాటు ఉండేలా చూసుకోవాలి.
* అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ వెంట ఉంచుకోవాలి.
* వీసా గడువు తీరి సెలవుపై స్వదేశానికి వచ్చేవారు తిరుగు మార్గంలో మినహాయింపు వర్తిస్తుందో లేదో ముందే నిర్ధారించుకోవాలి.

నిబంధనలు తరచూ మారుతుంటాయి. ఏజెంటు మాటతో సరిపెట్టుకోక, విమాన సంస్థను, ఆయా దేశాల రాయబార కార్యాలయాలను సంప్రదించడమే శ్రేయస్కరం.