నొప్పి తెలియని పాదానికి పరీక్ష

కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉంటూనే ఆంధ్రప్రదేశ్ పల్లెలతో పొలిమేర పంచుకునే పావగడ తాలూకాలో, స్వామి వివేకానంద సమగ్ర గ్రామీణ ఆరోగ్య కేంద్రం కుష్ఠు రోగులకు సేవలందిస్తూ వచ్చింది. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదని, ఆ తెలియకపోవడమే పుండుకు మూలమని నేర్పిన వ్యాధి కుష్ఠు. మధుమేహంలోనూ ఇదే ముప్పు ఉన్నా కారణం వేరు: కుష్ఠులో సూక్ష్మజీవి నరాన్ని ఆశ్రయించి దెబ్బతీస్తే, మధుమేహంలో ఏళ్ల తరబడి రక్తంలో హెచ్చుగా ఉన్న చక్కెర నరాలనూ వాటిని పోషించే సన్నని రక్తనాళాలనూ పాడుచేస్తుంది. పొడవైన నరాలు ముందుగా దెబ్బతింటాయి కనుక తిమ్మిరి, మంట, మొద్దుబారడం సాధారణంగా కాలివేళ్ల దగ్గరే మొదలవుతాయి.

పరీక్షా సాధనం విషయంలోనూ ఈ రెండు వ్యాధులకూ చుట్టరికం ఉంది. వెల్లూరులో కుష్ఠు రోగుల చేతులకూ పాదాలకూ శస్త్రచికిత్స చేసిన పాల్ బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లి, అక్కడి అనుభవాన్ని మధుమేహ రోగుల పాదాలకూ అన్వయించాడు. అక్కడ వాడుకలో ఉన్న మోనోఫిలమెంట్, అంటే 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు, నేడు మధుమేహ వైద్యంలో ప్రధాన సాధనం. రోగి కళ్లు మూసుకొని ఉండగా, కాయలూ పుండ్లూ లేని చోట పోగును నిటారుగా ఆనించి వంగేదాకా ఒత్తినప్పుడు, ఆ స్పర్శ తెలియకపోతే పాదానికి రక్షణ కరవైనట్టు భావించాలి.

ఈ ఒక్క పరీక్షే చాలదు కనుక, సెకనుకు 128 సార్లు కంపించే ట్యూనింగ్ ఫోర్క్‌ను బొటనవేలికి ఆనించి కంపనం తెలుస్తోందా అని చూస్తారు. కంపన స్పర్శను కొలిచే బయోథీసియోమీటర్‌లో 25 వోల్టులు దాటినా కంపనం తెలియకపోతే పుండ్లు పడే ముప్పు ఎక్కువని లెక్క. నరంలో విద్యుత్ సంకేతం వేగాన్ని కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్ష పెద్ద నరతంతువుల స్థితినే చెబుతుంది కాబట్టి, సన్న తంతువులు దెబ్బతిని పాదాలు మండుతున్నా ఫలితం మామూలుగానే రావచ్చు. మధుమేహ మందు మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో విటమిన్ బి12 లోపం కూడా ఇవే లక్షణాలు కలిగించవచ్చు గనుక దానినీ పరీక్షించాలి.

పెద్దవారిలో ఎక్కువగా కనిపించే రెండో రకం మధుమేహం బయటపడిన నాడే పాద పరీక్ష చేయించి, ఆపై ఏడాదికోసారి తప్పక చేయించాలి. చెడిన నరాన్ని ఈ పరీక్ష బాగుచేయలేదు గాని, చక్కెరను అదుపులో పెట్టుకొని, చెప్పులు లేకుండా చేలోకి దిగక, రోజూ అరికాళ్లు చూసుకునేవారికి కాలు పోయే ముప్పును చాలావరకు తప్పించగలదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. తదుపరి తనిఖీలో పాదాలు కూడా చూడమని వైద్యుణ్ణి అడగండి.