టర్బో దగ్గర వేడి ఎంత?

కారును కదలకుండా రోలర్ల మీద నిలబెట్టి ఇంజిన్‌ను పూర్తి లోడ్‌తో నడిపిస్తే, కాసేపటికి ఎగ్జాస్ట్ మానిఫోల్డూ, దాన్ని ఆనుకుని ఉన్న టర్బో డొప్పా ఎర్రగా కణకణలాడతాయి. చూసేవాళ్లకు గుండె జారుతుంది. కానీ పెట్రోల్ టర్బో ఇంజిన్లకు ఇది మామూలే. ఆ లోపల పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. చిక్కేమిటంటే ఆ ఎరుపు చూసి 850కీ 950కీ తేడా చెప్పడం కంటికి సాధ్యం కాదు. ఇంజిన్ ఎన్నాళ్లు మన్నుతుందో తేలేది మాత్రం ఆ వంద డిగ్రీల దగ్గరే.

బయటికి వృథాగా పోయే పొగతోనే గాలిని కుదించి ఇంజిన్‌లోకి పంపాలన్న ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. నేటి చిన్న కార్లలో టర్బో చక్రం నిమిషానికి లక్ష నుంచి రెండు లక్షల చుట్లు పైగా తిరుగుతుంది. అంత వేడిలో అంత వేగం తట్టుకోవాలి కాబట్టి దాన్ని నికెల్ మిశ్రలోహంతో పోతపోస్తారు. పిస్టన్ మాత్రం అల్యూమినియమే, అది సుమారు 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అయినా బతుకుతోందంటే ప్రతి మంట తర్వాతా లోపలికొచ్చే చల్లగాలి, అడుగు నుంచి చిమ్మే ఆయిల్ దాన్ని కాపాడుతున్నాయన్నమాట. ఆ కాపు చాలనప్పుడు ముందుగా కనిపించే ఆనవాళ్లలో పొగ వేడి ఒకటి.

కొలిచే పరికరం పాతదే. రెండు వేర్వేరు లోహపు తీగల కొసలు కలిపి వేడి చేస్తే విద్యుత్ ప్రభావం పుడుతుందని 1821లో థామస్ సీబెక్ గమనించాడు. ఆ సూత్రంతో పనిచేసేదే థర్మోకపుల్. కార్లకు ఎక్కువగా వాడే కె-రకంలో డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు వస్తాయి. 900 డిగ్రీల దగ్గర కూడా మొత్తం 37 మిల్లీవోల్టులే. అందుకే దాని వైరు చాలకపోతే ఇంట్లో ఉన్న రాగి వైరు అతికించకూడదు. బానెట్ కింద ఆ అతుకు దగ్గర మీటర్ దగ్గరికన్నా 40 డిగ్రీల వేడి ఎక్కువుంటే, ముల్లు సుమారుగా అంతే తక్కువ చూపిస్తుంది. దానికి అదే రకం వైరు వేరుగా దొరుకుతుంది.

ఈ థర్మోకపుల్ ప్రోబ్ ఎక్కడ పెట్టాలన్నది మరో వాదన. టర్బో దాటాక పెడితే పని సులువు. అయితే చక్రాన్ని తిప్పడంలో పొగ కొంత శక్తి పోగొట్టుకుంటుంది, లోడ్ మీద ఉన్నప్పుడు వేడి వంద నుంచి రెండొందల డిగ్రీల దాకా పడిపోతుంది. ఆ అంకె చూసి ధైర్యపడితే లాభం లేదు. టర్బోకు ముందు, సిలిండర్ల గొట్టాలన్నీ కలిసేచోట పెడితేనే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ భయం ఒక్కటే: ప్రోబ్ ముక్క విరిగినా, డ్రిల్లింగ్ పొట్టు లోపల మిగిలినా నేరుగా టర్బో రెక్కల మీదికే పోతుంది. మానిఫోల్డ్ విప్పి బయట డ్రిల్ చేయించడమే మేలు. ఖర్చు ఎక్కువే, టర్బో కన్నా తక్కువ.

ఇక అంకెను అర్థం చేసుకోవడం. చాలామంది పొరబడేది ఇక్కడే. డీజిల్‌లో గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది. ఇంధనం పెంచేకొద్దీ వేడి పెరుగుతుంది. రీమ్యాప్ చేయించిన డీజిల్ బండి నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ముల్లు పైకి పాకేది అందుకే. టర్బోకు ముందు 700 నుంచి 750 దాటి ఎక్కువసేపు నడపొద్దని ట్యూనర్లు సాధారణంగా చెబుతారు. యాక్సిలరేటర్ మీద కాలు తగ్గిస్తే చల్లబడుతుంది.

పెట్రోల్‌లో వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ పూర్తిగా మండటానికి ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి కావాలి. పూర్తి లోడ్‌లో అంతకన్నా ఎక్కువ పెట్రోల్ పోస్తే పొగ చల్లబడుతుంది. స్పార్క్ ఆలస్యమైతే మంట ఎగ్జాస్ట్ దాకా సాగి వేడి పెరుగుతుంది. స్పార్క్ మరీ ముందుకు జరిపితే పొగ చల్లగానే కనిపిస్తుంది, లోపల మాత్రం నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి దానంతటదే భగ్గుమనడం) మొదలై పిస్టన్ పగలవచ్చు. అంటే పెట్రోల్ కారులో తక్కువ అంకె క్షేమానికి హామీ కాదు. గాలి-ఇంధన నిష్పత్తి చూపే మీటర్, నాక్ సమాచారం పక్కన లేకుండా ఒక్క ఉష్ణోగ్రత ముల్లును నమ్ముకుని ట్యూనింగ్ చేయడం దుస్సాహసం.

కంపెనీలూ ఈ వేడితో కుస్తీ పడుతూనే ఉన్నాయి. డీజిల్ కార్లలో అప్పటికే పాతబడిన, రెక్కలు కదిలే టర్బోను పోర్షే 2006లో తన పెట్రోల్ 911 టర్బోకు తెచ్చినప్పుడు 1,000 డిగ్రీలు తట్టుకునే లోహాలు వాడాల్సి వచ్చింది. బీఎండబ్ల్యూ తన ఎం4 జీటీఎస్‌లో ఏకంగా నీళ్లు చిమ్మించింది. ఫోక్స్‌వ్యాగన్ చిన్న టీఎస్ఐ ఇంజిన్లలో మానిఫోల్డ్‌ను సిలిండర్ హెడ్‌లోనే కలిపేసి చుట్టూ కూలెంట్ పారించింది.

మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక, మసి ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లకు ఈ వేడి కొలత కంపెనీ అవసరమే అయింది. ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి దాదాపు 600 డిగ్రీలు కావాలి, అంతకు మించి హద్దు దాటితే ఫిల్టరే పాడవుతుంది. కాబట్టి అలాంటి కారున్నవాళ్లు మీటర్ కొని మానిఫోల్డ్‌కు చిల్లు పెట్టించే ముందు, ఓబీడీ పోర్ట్‌కు స్కానర్ తగిలించి చూడండి. మీ కారు సెన్సర్ల అంకెలు అందులో కనిపించే అవకాశం ఉంది. కనిపిస్తే, ఆ సెన్సర్ టర్బోకు ముందుందా, తర్వాతా అన్నది మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.